పాత వ్యాను ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు చేతి స్కానరు: పద్నాలుగు నెలలు వాడిన తరువాత

బండి కంప్యూటర్లు నమోదు చేసిన లోపాలను చదివే, చేతిలో ఇమిడే ఒక స్కానరు గురించే రాస్తున్నాను గానీ, అది చేసిన పని చెప్పాలంటే ముందు వ్యానుకు వచ్చిన జబ్బు చెప్పాలి. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్న ఏడు సీట్ల వ్యాను అది. ఆరు గేర్ల ఆటోమేటిక్, ముందు చక్రాలు లాగే రకం, కొనేనాటికి 1,42,000 కి.మీ. తిరిగింది. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో పాత యజమానికి గుర్తు లేదు; సర్వీసు పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంది. కొన్న మూడో వారంలో, గంటకు 65 నుంచి 75 కి.మీ. మధ్య వేగంలో, యాక్సిలరేటరు మీద కాలు తేలిగ్గా ఆనించి పోతున్నప్పుడు, రోడ్డు మీద వరసగా గీసిన గరుకు పట్టీల మీదుగా వెళ్తున్నట్టు బండి రెండు మూడు సెకన్లపాటు వణికి ఊరుకునేది. కాలు కాస్త గట్టిగా నొక్కితే పోయేది, పూర్తిగా తీసేసినా పోయేది. చూపించిన మొదటి చోట బండిని ఒక్క చుట్టు తిప్పి, బానెట్ కూడా ఎత్తకుండా, గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. అంత పెద్ద తీర్పుకు ఆధారం ఏమిటని అడిగితే అనుభవం అన్నారు. అనుభవాన్ని నేను తక్కువ చేయను. కానీ దానికి తోడుగా ఒక్క అంకె చూపించి ఉన్నా ఈ స్కానరు కొనేవాణ్ణి కాదు.

ఇలాంటి స్కానరు కొనేటప్పుడు మొదట చూడవలసింది తెర సైజు కాదు, అది బండిలోని ఏ కంప్యూటరుతో మాట్లాడగలదన్నది. ఇంజిన్‌కు ఒక కంట్రోల్ యూనిట్, గేర్‌బాక్స్‌కు మరొకటి ఉంటాయి; కొన్ని బండ్లలో రెండూ ఒకే డబ్బాలో ఉన్నా లోపల లెక్కలు వేరుగానే నడుస్తాయి. స్కానరు తగిలించడానికి స్టీరింగు కింద ఉండే పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్ అమెరికాలో 1996 మోడళ్ళ నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది గనుక ఇప్పుడు దొరికే సెకండ్‌హ్యాండ్ వ్యాన్లలో దాదాపు అన్నిటికీ అది ఉంటుంది. అయితే ఆ నిబంధనల ఉద్దేశం పొగ కాలుష్యాన్ని అదుపు చేయడం. అందుకే చౌక రకాలు ఇంజిన్ యూనిట్ వరకు చదివి అక్కడే ఆగిపోతాయి. గేర్‌బాక్స్‌లో ఏ లోపం నమోదైనా వాటి తెర మీద చాలాసార్లు కనిపించేది పి0700 ఒక్కటే. అది లోపం పేరు కాదు. గేర్‌బాక్స్ యూనిట్ ఏదో రాసి పెట్టుకుంది, వెళ్ళి దాన్నే అడగమని ఇంజిన్ యూనిట్ పంపే కబురు. నేను మొదట ఒక మిత్రుడి దగ్గర అడిగి తెచ్చుకున్న చిన్న బ్లూటూత్ స్కానరు ఆ కబురు దగ్గరే నిలిచిపోయింది. ఇప్పుడు సమీక్షిస్తున్న స్కానరు గేర్‌బాక్స్ యూనిట్‌ను నేరుగా తెరిచి పి0741 చూపించింది. టార్క్ కన్వర్టరు (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు చేర్చే భాగం) లోపల ఉండే లాకప్ క్లచ్ పట్టవలసిన సమయంలో సరిగా పట్టడం లేదని దాని అర్థం. మీ వ్యాను మోడలు, సంవత్సరం చెప్పి, గేర్‌బాక్స్ యూనిట్ లైవ్ డేటా (బండి నడుస్తుండగా మారుతూ వచ్చే అంకెలు) వస్తుందా అని అడిగి, అవునన్న జవాబు రాతలో తీసుకున్న తరువాతే ఏ స్కానరైనా కొనండి.

కోడ్ వచ్చింది కదా, ఇక వస్తువు మార్చేద్దామనే తొందర ఇక్కడే పుడుతుంది. ఈ స్కానరులో కోడ్ పక్కన వచ్చే వివరణ కూడా ఆ తొందరను పెంచేదే: "సొలినాయిడ్ మార్చండి" (కరెంటుతో పనిచేసే చిన్న ఆయిల్ వాల్వు) అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. అదే కోడ్ అరిగిన క్లచ్ పొర వల్ల రావచ్చు, పాడైన ఆయిల్ వల్ల రావచ్చు, ఆయిల్‌ను క్లచ్‌లకు పంచే వాల్వ్ బాడీలో ప్రెషర్ కారిపోవడం వల్ల రావచ్చు, వైరింగ్ వల్ల కూడా రావచ్చు. కోడ్ అనేది వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, ఏ వస్తువు కొనాలో చెప్పదు. ఈ పరికరం అసలు విలువ కోడ్‌ల పేజీలో లేదు. దాని వెనక ఉన్న లైవ్ డేటా పేజీలో ఉంది.

ఆ పేజీలో నేను పెట్టుకున్నవి నాలుగు వరసలు: ఇంజిన్ ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), టర్బైన్ ఆర్‌పీఎం, లాకప్ స్థితి, ఆయిల్ ఉష్ణోగ్రత. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య మాన్యువల్ బండిలో పొడి క్లచ్ ఉండే చోట ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టరు ఉంటుంది. ఇంజిన్ తిప్పే రెక్కలు ఆయిల్‌ను విసిరితే ఆ తాకిడికి టర్బైన్ తిరుగుతుంది. ఆయిల్ ద్వారా నడిచినంత సేపూ రెండింటి మధ్య కొంత జారుడు తప్పదు. ఒకే వేగంతో పోతున్నప్పుడు ఆ నష్టం లేకుండా లాకప్ క్లచ్ రెండింటినీ కలిపి పట్టేస్తుంది, అప్పుడు రెండు అంకెలూ దాదాపు సమానం కావాలి. మా వ్యానులో 70 కి.మీ. దగ్గర లాకప్ పడిందని తెర చెబుతున్నా, ఇంజిన్ 1,750 దగ్గర నిలకడగా ఉంటే టర్బైన్ 1,640 నుంచి 1,730 మధ్య ఊగుతూ కనిపించింది. ఆ ఊగుడే సీటు కింద వణుకు. కొన్ని బండ్లలో కుదుపు తెలియకుండా ఉండడానికి కంట్రోల్ యూనిట్ కావాలనే ముప్ఫై, నలభై ఆర్‌పీఎం జారుడు ఉంచుతుంది కాబట్టి తేడా ఉండడమే తప్పని అనుకోకూడదు. తేడా నిలకడగా ఉంటే కంగారు లేదు, పైకీ కిందికీ ఊగుతుంటేనే అనుమానించాలి. ఈ అంకెలు చూసే పని డ్రైవింగ్ చేసేవారిది కానే కాదని వేరే చెప్పనక్కరలేదు. నేను నడిపాను, పక్కసీట్లో కూర్చున్న మా అబ్బాయి రికార్డు బటన్ నొక్కి, వణికినప్పుడల్లా గుర్తు పెట్టాడు. ఇంటికి వచ్చాక గ్రాఫు తీరిగ్గా చూశాం.

అంకెలను ఒక చిన్న పరీక్షతో సరిచూసుకోవచ్చు, దీనికి స్కానరు కూడా అవసరం లేదు. వెనక వాహనాలు లేని చదునైన రోడ్డు మీద వణుకు మొదలైన క్షణంలో, యాక్సిలరేటరు మీద కాలు అలాగే ఉంచి, ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ను బ్రేకు పట్టనంత తేలిగ్గా, వెనక లైటు వెలిగేంత మాత్రమే తాకాలి. బ్రేకు స్విచ్ పనిచేయగానే చాలా బండ్లలో కంట్రోల్ యూనిట్ లాకప్‌ను వదిలేస్తుంది. మా వ్యానులో ఆర్‌పీఎం రెండు వందలు పైకి లేచింది, వణుకు అక్కడికక్కడే ఆగిపోయింది. అలా ఆగకుండా ఉండి ఉంటే నేను ముందు స్పార్క్ ప్లగ్గులు, కాయిళ్ళు చూసేవాణ్ణి. లాకప్ పడినప్పుడు ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ బరువు లాగుతుంది కనుక ఒక సిలిండరు అప్పుడప్పుడు పేలకపోయినా సరిగ్గా ఇలాంటి వణుకే వస్తుంది, దాన్ని గేర్‌బాక్స్ జబ్బుగా పొరబడి పెద్ద పెట్టెను దించినవాళ్ళున్నారు. ఈ స్కానరులో సిలిండరు వారీగా మిస్‌ఫైర్ లెక్కించే పేజీ ఉంది; అందులో అన్నీ సున్నాలే ఉన్నాయని చూసిన తరువాతే ఆ అనుమానం వదులుకున్నాను.

జబ్బు లాకప్‌దని తేలాక చేసిన మొదటి పని ఆయిల్ చూడడం, ఈ పని స్కానరు చేయలేదు. మా వ్యానుకు ఆయిల్ స్థాయి చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్, లేదు. ఆయిల్ స్థాయి చూడాలంటే బండిని నాలుగు పక్కలా సమంగా ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు కింద ఉన్న చెక్ ప్లగ్ విప్పాలని దాని మాన్యువల్ చెబుతుంది. సన్నటి ధార వచ్చి చుక్కలకు తగ్గితే సరైన స్థాయి. ఆయిల్ వేడెక్కితే ఉబ్బుతుంది కాబట్టి 70 డిగ్రీల దగ్గర చూస్తే తక్కువ ఉన్నా నిండుగా ఉన్నట్టు కారుతుంది, చల్లగా ఉన్నప్పుడు చూస్తే నిండుగా ఉన్నా కారదు. ఇక్కడ ఆ ఉష్ణోగ్రత తెలియడానికి స్కానరు తప్ప మరో మార్గం మాకు లేదు. ఈ ఒక్క పనికే దాని ఖరీదు గిట్టిందంటే అతిశయోక్తి కాదు. తక్కువైతే పంపు గాలి పీల్చి క్లచ్‌లు జారతాయి, ఎక్కువైతే తిరిగే గేర్లు ఆయిల్‌ను నురగ చేసి మళ్ళీ అదే జారుడు తెస్తాయి. డిప్‌స్టిక్ ఉన్న వ్యాన్లవారు మాత్రం ఇంజిన్ నడుస్తుండగా చూడాలో, ఆపి చూడాలో తమ పుస్తకంలోనే చూసుకోవాలి, అన్ని కంపెనీలదీ ఒకే పద్ధతి కాదు.

డ్రెయిన్ బోల్టు విప్పే ముందు ఒక జాగ్రత్త. పైన ఆయిల్ పోసే ప్లగ్ వస్తుందో లేదో ముందు విప్పి చూడండి. ఏళ్ళ తరబడి తీయని ప్లగ్ పట్టేసి ఉంటే, కింద ఆయిల్ అంతా వదిలేసిన తరువాత ఆ సంగతి తెలిసి ప్రయోజనం లేదు. మా ప్లగ్‌కు ఒక రాత్రంతా తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచవలసి వచ్చింది. తెల్లారి కిందది విప్పితే వచ్చిన ఆయిల్ ముదురు గోధుమ రంగులో ఉంది, వాసనలో మాడు సన్నగా తగిలింది. తెల్ల కాగితం మీద ఒక చుక్క పాతది, పక్కనే ఒక చుక్క కొత్తది వేసి పెట్టాను. కొత్త ఎరుపు చుక్క విస్తరించి పలచబడింది, పాతదాని నడుమ నల్లటి మసి అలాగే నిలిచింది. గులాబీ రంగులో మజ్జిగలా చిలికినట్టు వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే, రేడియేటరు లోపలి కూలరు చిల్లుపడి కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి చేరిందనడానికి అది గుర్తు, అలాంటి బండిని ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు.

ఆయిల్‌ను మూడు విడతల్లో మార్చాను; మూడో విడతలో ఫిల్టరు కోసం ఛాంబరు (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్ళెం) కూడా దించాను. అడుగున రెండు గుండ్రటి అయస్కాంతాలు, వాటి మీద బూడిద రంగు ముద్ద మెత్తగా పేరుకుని ఉంది. బొటనవేలితో చూపుడువేలితో నలిపి చూశాను. కాటుకలా జారింది, గరుకు తగలలేదు, వెలుతురులో పెడితే మెరిసే రేకు ఒక్కటీ లేదు. లక్ష కిలోమీటర్లు దాటిన ఏ గేర్‌బాక్స్‌లోనైనా ఆ ముద్ద ఉంటుంది, దాన్ని చూసి భయపడనక్కరలేదు. వేలికి గుచ్చుకునే ఇనుప ముక్కలు, ఇత్తడి రంగు పొలుసులు, ఛాంబరు మూలల్లో గుట్టగా చేరిన నల్లటి క్లచ్ పొర ముక్కలు కనబడితే అప్పుడు ఆయిల్ మార్చడం వల్ల ప్రయోజనం లేదు, పెట్టె విప్పవలసిందే. గేర్‌బాక్స్ మార్చాలో వద్దో తేల్చింది నా వరకు ఈ ముద్దే. తెర మీద ఎన్ని అంకెలు వచ్చినా ఇంత స్పష్టమైన జవాబు రాలేదు.

మూడు విడతలు ఎందుకంటే, డ్రెయిన్ బోల్టు విప్పితే ఛాంబరులో ఉన్నదే వస్తుంది. టార్క్ కన్వర్టరులోనూ కూలరు గొట్టాల్లోనూ ఉన్నది లోపలే ఉండిపోతుంది. మా వ్యాను మొత్తం సామర్థ్యం 7 లీటర్లు, ఒకసారి దిగేది 3 లీటర్లు. మొదటిసారికి కొత్త ఆయిల్ వాటా 43 శాతం, రెండోసారికి 67, మూడోసారికి 81 శాతం అవుతుంది. ప్రతి రెండు విడతల మధ్య నాలుగైదు వందల కిలోమీటర్లు నడిపాను. యంత్రంతో ఒకేసారి మొత్తం మార్చే పద్ధతి కూడా ఉంది, కూలరు లైనులో గేర్‌బాక్స్ సొంత పంపు ప్రెషరుతోనే చేస్తే అందులో తప్పు లేదు. బయటి నుంచి ప్రెషరు పెట్టి లోపల కడిగే రకాన్ని, చరిత్ర తెలియని బండికి నేను ఒప్పుకోను. కొత్త ఆయిల్ పోస్తే పాత గేర్‌బాక్స్ చచ్చిపోతుందన్న మాట చాలామంది మెకానిక్కులు అంటారు. అప్పటికే క్లచ్‌లు జారుతున్న బండికి చివరి ఆశగా ఆయిల్ మార్చి, అది ఆగిపోయినప్పుడు నెపం ఆయిల్ మీద వేయడమే ఆ మాటకు మూలమని నా అభిప్రాయం.

ఏ ఆయిల్ అన్నదానిలో మాత్రం సర్దుబాటు లేదు. డెక్స్‌రాన్, మెర్కాన్, టయోటా డబ్ల్యూఎస్, హోండా డీడబ్ల్యూ-1, క్రైస్లర్ ఏటీఎఫ్+4 అన్నీ చూడటానికి ఒకేలా ఉండవచ్చు గానీ, వాటిలో క్లచ్ పట్టు ఎంత మెత్తగా మొదలవాలో నిర్ణయించే రసాయనాలు వేరు, చిక్కదనం వేరు. లాకప్ వణుకుకు చాలాసార్లు కారణం ఆ రసాయనాలు వేడికి అరిగిపోవడమే. మెట్లుగా గేర్లు లేని సీవీటీ రకం వ్యాన్లకు వాటి ఆయిల్ పూర్తిగా వేరే.

మొదటి మార్పు తరువాత వణుకులో తేడా తెలియలేదు, ఆ రాత్రి మొదటి మెకానిక్ మాటే నిజమేమోననిపించింది. రెండోదాని తరువాత రోజుకు ఐదారుసార్లు వచ్చేది ఒకటి రెండుసార్లకు తగ్గింది. మూడోదాని తరువాత గ్రాఫులో ఇంజిన్ గీత, టర్బైన్ గీత ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తేడా ఇరవై ఆర్‌పీఎం దాటలేదు. పి0741 చెరిపేశాను, మళ్ళీ రాలేదు.

అంతా అయిపోయిందనుకున్న ఐదు నెలలకు, ఒక చలి ఉదయం వ్యాను మూడో గేరులో ఇరుక్కుపోయింది. లోపం తెలిసినప్పుడు కంట్రోల్ యూనిట్ ఇంటికి చేరేంత మాత్రం నడవనిచ్చే రక్షణ స్థితి అది. స్కానరు పెడితే నాలుగు సొలినాయిడ్ల కోడ్‌లు ఒకేసారి వచ్చాయి. నాలుగు సొలినాయిడ్లు ఒకే ఉదయం చెడిపోవడం కన్నా, నాలుగింటికీ కరెంటు అందించే దారి చెడిపోవడమే సహజం కదా. ఈ స్కానరు యూనిట్ దగ్గరికి చేరుతున్న వోల్టేజిని చూపుతుంది: 12.1. అదే సమయంలో బ్యాటరీ టెర్మినల్ దగ్గర మల్టీమీటరు 14.1 చూపింది. మధ్యలో మాయమైన రెండు వోల్టులు, బ్యాటరీ ట్రే కింద ఆకుపచ్చ తుప్పు పట్టిన ఎర్తింగ్ బోల్టు దగ్గర దొరికాయి. వైర్ బ్రష్‌తో రుద్ది బిగించడానికి పావుగంట పట్టింది. స్కానరు తన వివరణ పేజీలో అప్పుడు కూడా సొలినాయిడ్లు మార్చమనే చెబుతూ ఉంది.

రోజువారీ వాడకంలో నేను తరచుగా చూసేది ఆయిల్ ఉష్ణోగ్రత. మామూలు రోడ్డు మీద 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏడుగురితో, పైన సామానుతో పొడవైన ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఒకసారి 114 చేరింది. గేరు ఒకటి తగ్గించి, వేగం తగ్గించి, లాకప్ పడనిస్తే నాలుగైదు నిమిషాల్లో దిగివచ్చింది. తరువాత ముందు బంపరు వెనక చూస్తే కూలరు రెక్కల నిండా దుమ్ము, చచ్చిన పురుగులు అట్టకట్టి ఉన్నాయి. నీటిని మెల్లగా కొట్టి శుభ్రం చేశాక అదే ఎత్తు, అంతే బరువుతో 103 దాటలేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను చంపే వాటిలో వేడి మొదటిది, ఆ వేడిని చూపే ముల్లు చాలా వ్యాన్ల డాష్‌బోర్డులో లేదు.

ఇక నాకు నచ్చనివి. నాలుగు వరసలు ఒకేసారి పెడితే అంకెలు సెకనుకు రెండుసార్లకు మించి మారవు. వణుకు అంతకన్నా వేగంగా వస్తుంది కాబట్టి రెండు వరసలకు తగ్గించుకుంటే తప్ప గ్రాఫు నిజం చెప్పదు. ఉష్ణోగ్రత ప్రతి అప్‌డేట్ తరువాత ఫారెన్‌హీట్‌లోకి మారిపోతుంది. సాకెట్‌లో వదిలేస్తే బండి ఆపిన తరువాత కూడా కరెంటు లాగుతూనే ఉంటుంది, పది రోజులు కదపని వ్యాను స్టార్ట్ కాలేదు. అన్నిటికన్నా తీవ్రమైనది, గేర్‌బాక్స్ నేర్చుకున్న విలువలను చెరిపేసే బటన్‌ను కోడ్‌లు చెరిపే బటన్ పక్కనే, అదే రంగులో పెట్టడం. క్లచ్‌లు అరిగేకొద్దీ ఎంత ప్రెషరు ఇవ్వాలో కంట్రోల్ యూనిట్ క్రమంగా నేర్చుకుంటూ వస్తుంది. పొరపాటున నేను దాన్ని నొక్కాను, నాలుగు రోజులపాటు రెండు నుంచి మూడుకు మారిన ప్రతిసారీ వెనక నుంచి ఎవరో గుద్దినట్టుండేది. వాల్వ్ బాడీయో గేర్‌బాక్సో మార్చినప్పుడు, లేదా తయారీదారు పుస్తకం చెప్పిన సందర్భంలో మాత్రమే, దాని తరువాత చేయవలసిన డ్రైవింగ్ పద్ధతి దగ్గర పెట్టుకుని, ఆ బటన్ ముట్టాలి. కనీసం ఒక హెచ్చరిక అయినా తెర మీద రావలసింది.

ఐదు మార్కులకు మూడున్నర ఇస్తున్నాను. కొనబోయే వ్యాను చూడటానికి వెళ్ళేటప్పుడు వెంట ఉంటే దీని విలువ ఇంకా పెరుగుతుంది. ముందు రోజే కోడ్‌లు చెరిపేసి తెచ్చి నిలబెట్టిన బండిని స్వీయ పరీక్షల పేజీలో "పూర్తి కాలేదు" అన్న వరసలు పట్టిస్తాయి. బండి కిందికి దూరి ఆయిల్ ముట్టుకునే ఓపిక లేనివారు దీన్ని కొనకపోవడమే మంచిది. వారికి ఇది అర్థం కాని అంకెలు చూపి నిద్ర పాడుచేస్తుంది తప్ప గేర్‌బాక్స్‌ను బాగుచేయదు. మా వ్యాను ఇప్పుడు 1,63,000 కి.మీ. దాటింది, పోయిన వారం చెక్ ప్లగ్ విప్పినప్పుడు 41 డిగ్రీల దగ్గర సన్నటి ఎర్రటి ధార వచ్చి, చుక్కలుగా ఆగింది.